మేడమ్ క్యూరీ

పోలండు దేశమునకు వార్సా ముఖ్యపట్టణము. ఆ నగరమున 1867వ సంవత్సరము నవంబరు 7వ తేదీన ఒక ఉపాధ్యాయ దంపతులకు ఐదవ సంతానముగా ఒక బాలిక జన్మించెను. తల్లిదండ్రులు ఆమెకు మరియా అని పేరు పెట్టిరి. వారి ఇంటిపేరు స్క్లొడోవ్‌స్కీ. తరువాతి కాలమున మేడమ్ క్యూరీ యని లోకమంతయు గౌరవించిన విదుషీమణి ఆ బాలికయే. తండ్రి గణితమును, భౌతికశాస్త్రమును బోధించెడివాడు. తల్లి బాలికల పాఠశాల నొకదానిని నడిపినది. ఆ యింట ధనము తక్కువ. విద్యపై మమకారము ఎక్కువ.

ఆ కాలమున పోలండు స్వాతంత్ర్యమును కోల్పోయి మూడు సామ్రాజ్యముల నడుమ పంచబడి యుండెను. వార్సా రష్యా చక్రవర్తి ఏలుబడిలో నుండెను. పాఠశాలలలో పిల్లలు తమ మాతృభాషలో చదువుకొనరాదు. తమ దేశచరిత్రను తాము నేర్చుకొనుట సైతము నేరముగా నెంచబడుచుండెను. ఉపాధ్యాయినులు రహస్యముగా పోలిష్ పాఠములు చెప్పుచు, తనిఖీ అధికారి వచ్చుచున్నాడని తెలిసినంతనే పుస్తకములను దాచివేసెడివారు. ఇట్టి నిర్బంధములలో పెరిగిన మరియాకు చదువు అనునది కేవలము జీవనోపాధి మార్గము గాక, దేశభక్తితో కూడిన వ్రతముగా తోచెను.

ఆ కుటుంబమును దుఃఖములు వెంటాడెను. మరియా పెద్ద అక్క జ్వరముతో మరణించెను. ఆమెకు పదియేండ్ల ప్రాయమున తల్లియు క్షయరోగమున కన్నుమూసెను. ఆ దుఃఖమును దిగమ్రింగి మరియా చదువు సాగించి, 1883లో పాఠశాల విద్యను స్వర్ణపతకముతో ముగించెను. కాని వార్సా విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేదు. పరదేశమునకు వెళ్లి చదువుకొనుటకు ధనము లేదు. అప్పుడు ఆమెయు, అక్క బ్రోన్యాయు ఒక ఒడంబడిక చేసికొనిరి. బ్రోన్యా ముందుగా ప్యారిస్ నగరమునకు పోయి వైద్యవిద్య నభ్యసించవలెను. మరియా ఉద్యోగము చేసి ఆమెకు ధనము పంపవలెను. అక్క చదువు ముగిసిన పిమ్మట చెల్లెలి చదువునకు ఆమె తోడ్పడవలెను.

ఈ మాట ప్రకారము మరియా సంపన్నుల ఇండ్లలో పిల్లలకు చదువు చెప్పు ఉపాధ్యాయినిగా కొన్ని సంవత్సరములు పని చేసెను. ఒక పల్లెలో నున్నప్పుడు, పగటి పని ముగిసిన పిదప అచ్చటి రైతుబిడ్డలను చేరదీసి పోలిష్ భాషలో చదువను, వ్రాయను నేర్పెను. ఈ సంగతి ప్రభుత్వమునకు తెలిసినచో కఠినశిక్ష తప్పదు. ఐనను ఆమె వెనుదీయలేదు. రాత్రులయందు దీపము ముందు కూర్చుండి గణితమును, భౌతికశాస్త్రమును తనంత తాను చదువుకొనెను.

1891వ సంవత్సరమున మరియా వంతు వచ్చెను. ఆమె రైలులో చౌక తరగతిలో ప్రయాణము చేసి ప్యారిస్ చేరి, ప్రసిద్ధమైన సార్బాన్ విద్యాపీఠమున ప్రవేశించెను. నాటి నుండి ఆమె పేరు ఫ్రెంచి రీతిని మేరీ ఆయెను. కొంతకాలము అక్క యింట నుండి, పిదప విద్యాలయమునకు చేరువలో ఒక మేడ పైకప్పు క్రింది చిన్న గదిని అద్దెకు తీసికొనెను. చలికాలమున ఆ గదిలో నీళ్లు గడ్డకట్టెడివి. బొగ్గు కొనుటకు పైకము చాలక, ఉన్న బట్టలన్నియు కప్పుకొని నిద్రించెడిది. రొట్టెయు, తేనీరుమాత్రమే ఆహారముగా గడపిన దినము లెన్నియో కలవు. అట్టి దీక్షకు ఫలితముగా 1893లో భౌతికశాస్త్ర పట్టపరీక్షయందు ప్రథమురాలిగను, మరుసటి యేడు గణితశాస్త్ర పరీక్షయందు ద్వితీయురాలిగను ఉత్తీర్ణురా లయ్యెను.

1894లో ఆమెకు పియేర్ క్యూరీ అను భౌతికశాస్త్రజ్ఞునితో పరిచయమయ్యెను. అతడు కీర్తిని కోరనివాడు, విజ్ఞానమే జీవితముగా గలవాడు. సమాన స్వభావులగు వీరిరువురును 1895 జూలైలో వివాహమాడిరి. ఆ పెండ్లిలో ఆడంబర మేమియు లేదు. బంధు విచ్చిన ధనముతో రెండు సైకిళ్లు కొనుక్కొని పల్లెసీమలు చూడబోయిరి. 1897లో వారికి ఐరీన్ అను కుమార్తె కలిగెను.

ఆ దినములలో భౌతికశాస్త్రమున రెండు వింతలు బయల్పడెను. 1895లో జర్మనీ దేశస్థుడగు రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొనెను. 1896లో ఫ్రాన్సున హెన్రీ బెక్వెరెల్ అను పండితుడు యురేనియము అను లోహమునుండి తమంత తాము వెలువడు అదృశ్యకిరణములను గుర్తించెను. డాక్టరు పట్టమునకై పరిశోధన చేయదలచిన మేరీ ఈ రెండవ వింతనే తన విషయముగా నెన్నుకొనెను. ఆ కిరణములు సోకిన గాలి విద్యుత్తును ప్రసరింపజేయును. పియేర్ తన సోదరునితో కలిసి నిర్మించిన సున్నితమైన యంత్రముతో మేరీ ఆ స్వల్ప విద్యుత్తును కొలిచి, ఏ పదార్థమునుండి ఎంత బలముగల కిరణములు వచ్చునో లెక్కకట్టెను. కంటికి కనబడని దానిని ఖచ్చితముగా కొలుచుటయే ఆమె పరిశోధనకు ఆయువుపట్టు. ఈ గుణమే తరువాత లక్షలాది రోగుల ప్రాణములకు ఆధార మాయెను.

పిచ్‌బ్లెండ్ అను నల్లని ఖనిజమును పరీక్షించినపుడు ఆమె కొక వింత కనబడెను. అందలి యురేనియమును బట్టి రావలసిన దానికంటె ఎన్నోరెట్లు అధికముగా కిరణములు వచ్చుచుండెను. యంత్రము తప్పు చూపుచున్నదేమో యని మేరీ పలుమారులు కొలిచి చూచెను. కొలత మారలేదు. కావున ఆ ఖనిజమున ఎవ్వరును ఎరుగని మూలకము దాగియుండవలెనని ఆమె నిశ్చయించెను. పియేర్ తన పరిశోధనను విడిచి ఆమెకు తోడయ్యెను. 1898 జూలైలో వారు క్రొత్త మూలకమును ప్రకటించి, పరాధీనమైన తన మాతృభూమి పేరు నిలుపుటకై మేరీ కోరిన విధమున దానికి పొలోనియము అని పేరిడిరి. ఆ డిసెంబరులో రెండవ మూలకమును ప్రకటించిరి. అదియే రేడియము. ఇట్లు కిరణములను వెలువరించు గుణమునకు రేడియోధార్మికత యను నామమును కల్పించినదియు ఈ దంపతులే.

కంటికి చూపి, తూచి చూపినగాని రసాయనశాస్త్రజ్ఞులు క్రొత్త మూలకమును అంగీకరింపరు. అందులకై బొహీమియాలోని యోఆఖిమ్‌స్తాల్ గనులనుండి ఖనిజపు పిప్పిని టన్నులకొలది తెప్పించిరి. పని చేయుటకు దొరకినది ఒక పాడుపడిన కొట్టము. వాన కురిసిన కారును. ఎండ కాసిన కొలిమివలె నుండును. మేరీ ఒక్కొక్కమారు ఇరువది కిలోల పదార్థమును పెద్ద పాత్రలలో కాచి, తన యెత్తు ఇనుపకడ్డీతో గంటలకొలది కలియబెట్టెడిది. నాలుగేండ్లు గడచిన పిమ్మట, 1902లో ఆమెకు లభించిన రేడియము లవణము గ్రామున పదియవ వంతు మాత్రమే. రాత్రివేళ ఆ కొట్టమున గాజుగొట్టములు మిణుగురులవలె నీలికాంతి నీనుచుండగా ఆ దంపతులు మురిసి చూచెడివారు. 1903లో మేరీ డాక్టరు పట్టమును పొందెను. ఆ సంవత్సరమే బెక్వెరెల్‌తో పాటు క్యూరీ దంపతులకు భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. నోబెల్ బహుమానము నందిన తొలి మహిళ ఆమెయే.

రేడియమునకు శరీరముపై గల ప్రభావము అనుకోని విధమున తెలియవచ్చెను. రేడియముగల చిన్న గొట్టమును చొక్కాజేబులో నుంచుకొని తిరిగిన బెక్వెరెల్‌కు ఆ చోట చర్మము కాలి పుండు పడెను. పియేర్ బుద్ధిపూర్వకముగా తన చేతిపై రేడియము నుంచుకొని, ఏర్పడిన పుండు మానుటకు ఎన్నాళ్లు పట్టెనో వ్రాసికొనెను. వీరిరువురును 1901లో ఈ సంగతి ప్రకటించిరి. ఆరోగ్యముగల కణములను కాల్చగలది, వేగముగా పెరుగు రోగకణములను నశింపజేయదా యని వైద్యులు యోచించిరి. ప్యారిస్ నగరమున డాక్టరు డాన్లోస్ చర్మరోగములకు రేడియమును ప్రయోగించెను. అమెరికాలో మార్గరెట్ క్లీవ్స్ అను వైద్యురాలు 1903లో గర్భాశయ ముఖమున పుట్టిన క్యాన్సరునకు రేడియముతో చికిత్స చేసినట్లు ప్రకటించెను. మన పెద్దలు రాచపుండు అని భయపడిన వ్యాధియే క్యాన్సరు. స్త్రీలకు వచ్చు క్యాన్సర్లలో గర్భాశయ ముఖమునకు వచ్చునది మిక్కిలి క్రూరమైనది. అట్టి వ్యాధికి రేడియము క్రొత్త ఆశను చూపెను.

రేడియము వెల బంగారమును మించిపోయెను. దానిని తయారుచేయు విధానమును తమ సొత్తుగా నమోదు చేసికొనియుండినచో క్యూరీ దంపతులు కోటీశ్వరు లగుదురు. కాని విజ్ఞానము లోకుల సొత్తనియు, రోగులకు పనికివచ్చు వస్తువుపై లాభము తీయుట తగదనియు తలచి, తమకు తెలిసిన రహస్యము నంతయు అడిగినవారి కెల్ల తెలియజేసిరి.

1906 ఏప్రిల్ 19వ తేదీన వానలో వీధి దాటుచు పియేర్ గుర్రపు బండి క్రింద పడి మరణించెను. మేరీ దుఃఖమునకు మేర లేదు. ఐరీన్ చిన్నది, 1904లో పుట్టిన ఈవ్ పసిబిడ్డ. ప్రభుత్వము ఈయజూపిన భృతిని ఆమె స్వీకరింపక, భర్త చేయుచుండిన ఉద్యోగమును చేపట్టెను. ఆ నవంబరులో ఆమె చేసిన మొదటి ఉపన్యాసమును వినుటకు జనము క్రిక్కిరిసిరి. తన దుఃఖమును గూర్చి ఒక్క మాటయైన పలుకక, పియేర్ పాఠమును ఎచ్చట విడిచెనో అచ్చటి నుండియే ఆమె ప్రారంభించెను. సార్బాన్‌లో బోధించిన తొలి మహిళ ఆమెయే.

ఈ కాలమున రేడియము చికిత్స దేశదేశముల వ్యాపించెను. దానితో ఒక చిక్కు వచ్చిపడెను. ఒక వైద్యుని గొట్టములో రేడియ మెంతయున్నదో మరియొక వైద్యునికి తెలియునట్లు చెప్పుట యెట్లు? మోతాదు తక్కువైన వ్యాధి మిగిలి తిరుగబెట్టును. ఎక్కువైన మంచి అవయవములు కాలిపోవును. కావున అందరును ఒప్పుకొను కొలబద్ద కావలసి వచ్చెను. 1911లో మేరీ సుమారు 22 మిల్లిగ్రాముల శుద్ధమైన రేడియము క్లోరైడును తూచి, సన్నని గాజుగొట్టములో నుంచి మూసి, ప్రపంచమునకు ప్రమాణముగా సిద్ధము చేసెను. ఏ దేశపు రేడియమునైనను దీనితో పోల్చి చూచి విలువ కట్టవచ్చును. ఆ యేటి ఆరంభమున ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు కొద్ది ఓట్ల తేడాతో ఆమెకు సభ్యత్వమును నిరాకరించెను. ఆ యేటి చివరనే ఆమెకు రెండవ నోబెల్ బహుమానము, ఈ మారు రసాయనశాస్త్రమున లభించెను.

ప్యారిస్ నగరమున ఆమెకై రేడియము సంస్థ నిర్మాణము 1914లో ముగియునంతలో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చిపడెను. శత్రువుల చేత చిక్కకుండుటకై మేరీ తన ప్రయోగశాలలోని ఒక గ్రాము రేడియమును బరువైన సీసపు పెట్టెలో నుంచి రైలులో బోర్డో నగరమునకు చేర్చి వచ్చెను. పిమ్మట ఎక్స్ కిరణ యంత్రములు గల మోటారు బండ్లను సిద్ధపరచి, కుమార్తె ఐరీన్‌తో కలిసి యుద్ధభూమికి వెళ్లి, గాయపడిన సైనికుల శరీరములలో దాగిన తూటాలను వైద్యులకు చూపెను. ఎందరో యువతులకు ఆ పని నేర్పెను. రేడియమునుండి వెలువడు వాయువును చిన్న గాజుగొట్టములలో నింపి ఆసుపత్రులకు పంపు ఏర్పాటును కూడ చేసెను.

యుద్ధానంతరము రేడియము సంస్థలో రెండు శాఖలు జోడెడ్లవలె సాగినవి. ఒకదానిలో మేరీ రేడియమును శుద్ధిచేసి కొలుచుచుండెను. రెండవదానిలో క్లాడియస్ రెగో అను వైద్యుడు దాని ప్రయోగమును నడుపుచుండెను. కిరణముల నొక్కమారుగా గాక కొంచెము కొంచెముగా దీర్ఘకాల మిచ్చినచో మంచి కణములు కోలుకొనుననియు, రోగకణములు నశించుననియు అతడు జంతువులపై పరిశోధించి తెలిసికొనెను. గర్భాశయ ముఖ క్యాన్సరునకు అతడును, అతని సహచరులును ఏర్పరచిన పద్ధతికి ప్యారిస్ పద్ధతి యని పేరు వచ్చెను. రేడియమును ప్లాటినపు గొట్టములలో నుంచి, కొన్నింటిని గర్భాశయములోను, కొన్నింటిని బెండు తొడుగులలో దాని ముఖమునకు చేరువగను అమర్చి సుమారు ఐదు దినము లుంచెడివారు. స్వీడను దేశపు స్టాక్‌హోమ్ వైద్యులు అధిక రేడియమును అల్పకాలము ఉంచి, కొన్ని వారముల యెడముతో మరల ప్రయోగించెడివారు. ఇట్లు కిరణ పదార్థమును వ్యాధి యున్న చోటనే ఉంచి చేయు చికిత్సకు బ్రాకీథెరపీ యని పేరు.

ఈ చికిత్సలోని కీలకము దూరము. దీపమునుండి రెండింతల దూరము జరిగిన వెలుగు నాలుగవ వంతగును; మూడింతలు జరిగిన తొమ్మిదవ వంతగును. చిన్న గొట్టమునుండి వచ్చు కిరణములును ఇంచుమించుగా ఇట్లే తగ్గిపోవును. అందుచేత చేరువ నున్న వ్యాధికి గొప్ప మోతాదును, దూరము నున్న అవయవములకు స్వల్పమైన మోతాదును అందును. కాని గర్భాశయ ముఖమునకు ముందు మూత్రాశయము, వెనుక పురీషనాళము కొద్దిపాటి దూరముననే యున్నవి. వ్యాధి వ్యాపించిన మేర యంతయు కిరణములు నిండవలెను. ఈ రెండు అవయవములును చెడకుండవలెను. ఆనాటి వైద్యులు రేడియము బరువును గంటలతో హెచ్చవేసి మిల్లిగ్రాము-గంటలుగా మోతాదును వ్రాసెడివారు. 60 మిల్లిగ్రాములను 120 గంటలు ఉంచిన 7,200 మిల్లిగ్రాము-గంట లగును. ఇది సులభమైన లెక్కయే గాని, శరీరములో ఏ చోటికి ఎంత చేరినదో చెప్పజాలదు. ఆ కొరతను తీర్చుటకై 1938లో ఇంగ్లండులోని మాంచెస్టరున టాడ్, మెరెడిత్ అనువారు గర్భాశయ ముఖమునుండి రెండు సెంటీమీటర్లు పైకిని, రెండు సెంటీమీటర్లు ప్రక్కకును ఒక బిందువును నిర్ణయించి, అచ్చటి మోతాదును లెక్కించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. మేరీ ప్రారంభించిన కొలతల పని ఇట్లు ఇతరుల చేతులలో వృద్ధి పొందెను.

రేడియమును లోకమున కిచ్చిన ఆమెకు స్వంతముగా ఒక్క గ్రాము రేడియమైనను లేకుండెను. ఈ సంగతి విని అమెరికా మహిళలు చందాలు పోగుచేసి, లక్ష డాలర్ల వెలగల గ్రాము రేడియమును 1921లో తమ దేశాధ్యక్షుని చేతులమీదుగా ఆమెకు బహూకరించిరి. అది తన వారసులకు గాక ప్రయోగశాలకే చెందునట్లు ముందురాత్రియే పత్రమును తిరిగి వ్రాయించినగాని ఆమె మనసు కుదుటపడలేదు. 1929లో మరియొక గ్రామునకై వారిచ్చిన ధనమును స్వతంత్రమైన పోలండునకు సమర్పించెను. వార్సాలో రేడియము సంస్థ 1932లో ఆమె సమక్షమున ప్రారంభమయ్యెను. దాని నిర్వహణకు పూనుకొన్నది అక్క బ్రోన్యాయే. అక్కచెల్లెండ్ర పాత ఒడంబడిక ఇట్లు దేశమునకు ఆసుపత్రియై ఫలించెను.

కాని ఆమె శరీరము క్షీణించుచుండెను. వ్రేళ్లు కాలి గట్టిపడినవి. కండ్లలో పొరలు కమ్మి శస్త్రచికిత్సలు జరిగినవి. రోగికి ఇచ్చు మోతాదును మిల్లిగ్రాములతో కొలిచిన ఆమెకు, ముప్పదియైదేండ్లుగా తన దేహమున చేరిన మోతాదును కొలిచినవారు లేరు. సీసపు కవచములు, రక్తపరీక్షలు సహాయకులకు అవసరమని చెప్పుచునే, తన విషయమున ఆమె అశ్రద్ధ చేసెను. 1934 ఆరంభమున కుమార్తె ఐరీన్, అల్లుడు ఫ్రెడరిక్ జోలియో కృత్రిమ రేడియోధార్మికతను కనుగొనగా చూచి ఆమె పరమానందము చెందెను. ఆ జూలై 4వ తేదీన ఆల్ప్స్ పర్వతములలోని ఒక చికిత్సాలయమున, రక్తము తయారుకాని వ్యాధితో, 66వ యేట ఆమె తనువు చాలించెను.

కృత్రిమముగా తయారగు సీసియము, కోబాల్టు, ఇరిడియము మొదలగు కిరణ పదార్థములు 20వ శతాబ్ది ద్వితీయార్ధమున క్రమముగా రేడియము స్థానము నాక్రమించినవి. 1,600 సంవత్సరములకు గాని సగము తరుగని రేడియమును, అందుండి కారు వాయువును కాపాడుట కష్టమగుటయే ఇందులకు కారణము. నేడు వైద్యులు శరీరాంతర్భాగముల చిత్రములను తీసి, వ్యాధి యాక్రమించిన ఘనపరిమాణమును గీచి, దానికెంత, మూత్రాశయమున కెంత, పురీషనాళమున కెంత యని విడివిడిగా లెక్కించుచున్నారు. పదార్థములు మారినవి, యంత్రములు మారినవి. కొలత లేక చికిత్స లేదను సూత్రము మారలేదు.

1995లో ఫ్రెంచి ప్రభుత్వము ఆమె అవశేషములను పియేర్ అవశేషములతో పాటు మహాపురుషుల సమాధిమందిరమగు పాంథియాన్‌లో నుంచి గౌరవించెను. స్వయంప్రతిభ చేత ఆ గౌరవమును పొందిన ప్రథమ మహిళ ఆమెయే. ఆమె వ్రాసికొన్న ప్రయోగ పుస్తకములనుండి నేటికిని కిరణములు వెలువడుచున్నవి. పేదరికము, పరాధీనత, స్త్రీలకు మూసిన తలుపులు ఇవేవియు ఆమె నడ్డగింపజాలకపోయెను. తాను కనుగొనిన వెలుగును ఆమె తనకై దాచుకొనలేదు. దాని వేడిమిని మాత్రము తానే భరించెను.